అమ్మ కాళ్ల కింద కాలే ఇటుక

ఈ సాయంత్రం నెల్లికుదురులో బస్సు దిగి ఇంటికొస్తే, పొయ్యిలో కాల్చిన ఇటుక మీద జిల్లేడాకులు పరిచి అమ్మ అరికాళ్లు ఆనించి కూర్చుంది. షుగర్ వల్ల వచ్చిన కాళ్ల మంటలకు పక్కింటి కమలక్క చెప్పిన వైద్యమట. నేను ఇటుక ముట్టుకుని చెయ్యి గుంజుకున్నాను. కాళ్లెత్తి చూస్తే అమ్మ అరికాళ్ల నిండా బొబ్బలు!

"గింత కాలుతుంటే ఎట్ల పెట్టినవే?"

"ఏడ కాలుతుంది బిడ్డా, సల్లగనే ఉన్నది."

"సూసినవా, మంట మొత్తం గుంజేసింది!" అని పక్కనే ఉన్న కమలక్క మురిసిపోయింది.

మంట పోలేదు, షుగరుతో కాళ్లు మొద్దుబారి వేడి తెలియట్లేదు. దవాఖానలో అమ్మకు కట్టు కట్టించుకుని వచ్చేసరికి, కమలక్క వాళ్లత్త కోసం పొయ్యిలో ఇంకో ఇటుక పెట్టింది. ఒళ్లు మండి, బిందెడు నీళ్లు ఆ పొయ్యిలో కుమ్మరించాను.

ఇంతా చేసి, షుగరొచ్చిన ఆరేళ్లలో అమ్మ అరికాళ్లు నేను చూసింది ఇవాళే. మీ ఇంట్లో మీరెప్పుడు చూశారు?