లోకల్ కీబోర్డు

రాజమండ్రి మ్యూజిక్ షాపులో కొత్త కీబోర్డు ప్లాస్టిక్ వాసన తగలగానే నాన్న గుర్తొచ్చారు.

నా చిన్నప్పుడు ఆయన, పెద్ద కంపెనీ పేరులో ఒక్క అక్షరం మార్చిన చవక కీబోర్డు కొని చర్చికి తెచ్చారు. గిటారు వాయించే మాస్టారు రెండు కీలు నొక్కి, "ఇది లోకల్ అండి. క్వయర్‌లో వద్దులెండి," అన్నారు.

లోకల్ అంటే మన ఊళ్లో చేసిందనుకున్నాను. ఇంటికొచ్చే దారిపొడవునా, "మా నాన్నది లోకల్ కీబోర్డండీ!" అని ఎదురైనవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచారు.

మర్నాడు ఆ కంపెనీ పేరు మీద నల్ల టేపు అంటించారు. కీబోర్డు మళ్లీ ఇల్లు దాటలేదు. ఇల్లు దాటనిదానికి టేపెందుకో నాకప్పుడు అర్థంకాలేదు. ఇంట్లో ఆయన కాక ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కదాన్నే.