వ్యాన్ ఎండలో, బ్యాటరీ నీడలో: కర్నూలు నుంచి రాయచోటి దాకా

సరుకులు మోసే పాత వ్యాన్ ఒకటి కొని, దాని వెనక భాగాన్ని చెవి పరీక్ష గదిగా, నా ఆఫీసుగా మార్చుకుని రెండు నెలలైంది. వ్యాన్‌లో ఆఫీసు పెట్టాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది కరెంటు సంగతే. అందుకే ఈ ఎండాకాలంలో కర్నూలు నుంచి రాయచోటికి వెళ్లిన రోజు గురించి రాస్తున్నాను. ఆ మధ్యాహ్నం వ్యాన్ అమ్మేసి ఏదో ఒక ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరిపోదామని గట్టిగా అనుకున్న మాట కూడా దాచను.

రాయచోటి నుంచి షాహీన్ అనే ఆమె ఫోన్ చేయడంతో మొదలైంది ఇదంతా. వాళ్లాయన మస్తాన్ కువైట్‌లో ఒక ఇంట్లో కారు డ్రైవర్. "సేటు వెనక సీట్లో కూచోని ఏం చెప్పినా ఈయనకు ఇనపడదు మేడమ్. మూడు తూర్లు చెప్పించుకుంటాండాడంట. ఈసారి కూడా ఇట్లే ఉంటే పంపించేస్తామన్నారు" అంది. సెలవు అయిపోయింది. మంగళవారం సాయంత్రం ఆరుకు చెన్నై విమానాశ్రయానికి కారు మాట్లాడుకున్నారు. ఆయన కోసం తెప్పించిన చెవి మిషన్లు నా చేతికి వచ్చింది సోమవారం. అంటే మంగళవారం ఆరులోపు పరీక్ష చేసి, మిషన్లు ఆయన చెవులకు తగ్గట్టు సెట్ చేసి పంపాలి. లేకపోతే ఉద్యోగం పోయినట్టే.

చెవి పరీక్షలో వినిపించేవి చాలా సన్నటి శబ్దాలు. ఇంజను ఆపాలి, జనరేటర్ పనికిరాదు. కాబట్టి వ్యాన్ పైన రెండు సోలార్ పలకలు, లోపల ఒక పెద్ద బ్యాటరీ పెట్టించాను. ఇంజను నుంచి కూడా ఛార్జింగ్ పెట్టిద్దామా అంటే, వైరింగ్ చేసిన శీనప్ప నవ్వాడు. "మన సీమలో ఎండకేమన్నా కరువా మేడమ్? దండగ ఖర్చు!" నాకూ అదే నిజమనిపించింది. బ్యాటరీని వెనక రేకు గోడకు ఆనించి పెట్టమన్న తెలివి మాత్రం నాదే. చోటు కలిసొస్తుందని!

మంగళవారం తెల్లవారి ఐదున్నరకు కర్నూలులో బయలుదేరాను. ఏడుకు నంద్యాల. అక్కడ ముందే ఒప్పుకున్న పరీక్షలు నాలుగున్నాయి. వ్యాన్ రోడ్డు పక్కన ఆపుతుంటే టీకొట్టు పెద్దాయన కేకేశాడు. "ఎండలో యాడ పెడతావమ్మా! ఈడ, యాపచెట్టు కింద పెట్టు. సల్లగా ఉంటాది." సీమలో పుట్టినవాళ్లకు నీడ కనపడితే బండి దానంతట అదే అటు తిరుగుతుంది. సంతోషంగా పెట్టాను. యాభై రూపాయలకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని, పదిన్నర దాకా ఏసీ వేసుకుని పనిచేశాను. బయలుదేరేటప్పుడు మీటరు చూస్తే ముప్పై నాలుగు శాతం ఉంది. దారిలో ఎండకు నిండుతుందిలే అనుకున్నాను.

ఆళ్లగడ్డ మీదుగా మైదుకూరు చేరేసరికి ఒంటిగంట. మీటరు ఎక్కలేదు సరికదా, ముప్పైకి దిగింది. శీనప్పకు ఫోన్ చేస్తే "దుమ్ము పడింటాది, తుడు మేడమ్" అన్నాడు. క్యాన్ నీళ్లన్నీ పోసి పలకలు కడిగాను. ఛార్జింగ్ సున్నా. "ఎండ నెత్తిన నిప్పులు పోస్తుంటే సున్నా ఏందప్పా? ఏం వైరింగ్ చేసినావు నువ్వు?" అని నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, పడ్డాడు. భోజనం నూట ఇరవై. తిన్నాక తల తిరుగుతున్నట్టుంటే వ్యాన్‌లో ఏసీ వేసుకుని కాసేపు పడుకున్నాను. లేచేసరికి పన్నెండు శాతం. నన్ను నేనే తిట్టుకున్నాను. కడప దాటి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి దిగాను. అక్కడ అంత పేరున్న పాలకోవా కొనకుండా వచ్చానంటే నా పరిస్థితి మీకు అర్థమై ఉండాలి.

మూడున్నరకు వాళ్ల వీధిలోకి వెళ్లేసరికి మీటరు తొమ్మిది చూపిస్తోంది. ఇంట్లో ప్లగ్గు వాడుకుందామంటే కరెంటు లేదు. లైను మరమ్మతట, ఆరు దాటాకే వస్తుందట. ఫోన్లోనే నేను వదినా అని పిలవడం మొదలుపెట్టిన షాహీన్ గుమ్మంలో నిలబడి నా మొహం చూసింది. "అయితాదా మేడమ్?" అంది. నేను మళ్లీ మీటరు వైపు చూశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మస్తాన్ అన్న మాత్రం వ్యాన్ ఎక్కి అన్నీ తట్టి తట్టి చూస్తున్నాడు. బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. చెవి వినపడనివాళ్లకు గొంతు పెద్దది కదా, వీధంతా వినపడేలా అరిచాడు. "మేడమ్, కాలిపోతాంది ఇది! కువైట్‌లో ఎండకు బండి నిలబెడితే ఫోను కూడా ఛార్జింగ్ ఎక్కదు. సల్లబడేదాకా తీసుకోదు. ఇదీ అంతే!"

నా తలమీద నేనే ఒక మొట్టికాయ వేసుకోవాలనిపించింది. పొద్దున బ్యాటరీ చల్లగా ఉన్నప్పుడు పలకల్ని చెట్టు నీడలో పెట్టాను. తర్వాత పలకలకు ఎండ దొరికింది కానీ, బ్యాటరీ రేకు గోడ పక్కన ఉడికిపోయింది. వేడెక్కితే పాడవకుండా అది తనంతట తానే ఛార్జింగ్ ఆపేసుకుంటుంది. శీనప్ప తప్పేం లేదు!

ముగ్గురం కలిసి బ్యాటరీని ఊడదీసి వరండాలోకి మోశాం. ముప్పై కిలోల పైమాటే. వదిన అప్పటికే కడప బండల నేలను నీళ్లు పోసి తుడిచి ఉంచింది. బ్యాటరీ చుట్టూ తడి గోనెపట్టా చుట్టి, వైర్లు తగిలించేచోట మాత్రం పొడిగుడ్డ వేశాం. వ్యాన్‌ను వీధి మధ్యలో మంచి ఎండలో నిలబెట్టి, నా దగ్గరున్న పొడుగు వైరు లోపలికి లాగాం. ఇక మీటరు ముందు కూర్చున్నాను. నాలుగూ ఐదుకు సున్నా పోయి అంకె పడింది. "ఎక్కుతోంది వదినా!" అని నేను వేసిన కేకకు పక్కింటివాళ్లు బయటికొచ్చారు.

పావు తక్కువ ఐదుకు పదహారు శాతం. ఏసీ జోలికి పోకుండా పరీక్ష మొదలుపెట్టాం. గది తలుపు మూస్తే లోపల పొయ్యిలో ఉన్నట్టే ఉంది. వదిన వీధి చివర నిలబడి "హారన్ కొట్టాకండప్పా, మా ఆయనకు పరీక్ష జరుగుతాంది!" అని ఆటోలను ఆపుతోంది. మస్తాన్ అన్న చెమటలు కక్కుతూనే, శబ్దం వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కాడు. ఆరు కావడానికి పది నిమిషాలుందనగా రెండు మిషన్లూ ఆయన చెవుల్లో ఉన్నాయి.

చెన్నై కారు వచ్చింది. ఆయన దాని డ్రైవర్‌ను అడిగి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఇంజను, ఏసీ రెండూ వేసి "వెనక కూచోని ఏమన్నా చెప్పు, మెల్లగా" అన్నాడు భార్యతో. ఆమె కూర్చుని, ఆయన వీపు చూస్తూ, మామూలు గొంతుతో "అద్దం దించు" అంది. కిటికీ అద్దం కిందికి దిగింది. వదిన ఏడ్చేసింది. "గొంతు పెంచకుండా ఈయనతో మాట్లాడి రెండేండ్లయింది మేడమ్" అంది. నాకూ ఏడుపు ఆగలేదు. ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

ఆ రాత్రి తొమ్మిది వందలకు లాడ్జిలో గది తీసుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. డీజిల్, టోల్ కలిపి ఒకవైపుకు రెండున్నర వేలు దాటలేదు. వ్యాన్ అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. ఎండను పుట్టినప్పటి నుంచీ భరిస్తున్నాను కాబట్టి దాని సంగతంతా నాకు తెలుసనుకున్నాను, అదే నా పొరపాటు. మీరు వ్యాన్ ఆఫీసు కట్టుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. బ్యాటరీని రేకు గోడకు ఆనించకండి, ఇద్దరు మోసుకుని బయట నీడలో పెట్టుకునేలా పెట్టించి, పదిహేను మీటర్ల వైరు దగ్గరుంచుకోండి.

నాలుగు రోజుల తర్వాత కువైట్ నుంచి మస్తాన్ అన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఈసారి గొంతు పెద్దగా లేదు. "మేడమ్, ఈ పొద్దు సేటు వెనక నుంచి ఆస్పత్రికి పోవాలన్నాడు. ఒక్క తూరే చెప్పినాడు."