పసుపు రాసిన పికయూన్

మొన్న మా మనవరాలు పరీక్షకి ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతూ "పికయూన్, పికయూన్" అంటుంటే చిక్కుడుకాయలు ఒలవడం ఆపి, ఆ మాట మళ్ళీ అనమన్నా. "ఎవరూ వాడని మాటలే అమ్మమ్మా, నీకెందుకు?" అంది. సంతకానికి మించి అక్షరం రానిదాన్నే గానీ, ఆ ఒక్క మాట పుట్టుపూర్వోత్తరాలు మాత్రం నాకు తెలుసు. "నేను చెప్తా, నువ్వు రాయి" అన్నా.

తొంభైల్లో మాట. వత్సవాయి దగ్గర మా పొలానికి బావగారి చేలోంచి బండిదారి ఉండేది. మామగారు పోయిన ఏడే బావగారు దాన్ని కలిపి దున్ని పత్తి వేసేశారు. "అన్నతో పేచీ ఎందుకులే" అని మా ఆయన గట్లమీదే నడిచేవాడు. కలుపు తీసే రోజుల్లో ఆయన్ని పాము కరిచింది. బండి పొలందాకా రాలేదు. మంచం మీద పడుకోబెట్టి, జారే గట్లమీద నలుగురు మోసుకొచ్చేసరికి నోట నురుగు. జగ్గయ్యపేట ఆసుపత్రి గుమ్మంలోనే పోయాడు.

ఇంకెవరినీ ఆ గట్లమీద అలా మొయ్యకూడదని, దారి తిరిగి ఇప్పించమని మండలాఫీసుకెళ్ళి అర్జీ పెట్టా. కొన్నాళ్ళకి ఇంగ్లీషులో ఒక కాగితం వచ్చింది. గుండ్రటి ముద్ర, ఆకుపచ్చ సంతకం. ఆకుపచ్చ సిరా పెద్ద ఆఫీసర్లదే అని విన్నా. అంతే, గెలిచాననుకున్నా. నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టి, రోజూ అగరొత్తి వెలిగించా. బావగారి ఎదటికెళ్ళి "ఆర్డరొచ్చింది. పంట తీసుకునేదాకా ఆగుతా" అన్నా. "ఆగమ్మా, ఆగు" అని నవ్వారు. ఆయనకీ ఒక కాపీ వచ్చిందని, చదివించుకున్నారని తర్వాత తెలిసింది.

పంటయ్యాక చిల్లకల్లులో ఇంగ్లీషు మేష్టారికి చూపించా. ఆయన నిఘంటువు తీసి, ఒక మాట మీద వేలు పెట్టారు.

"ఇందులో పికయూన్ అని రాశారు. అమెరికాలో ఒకప్పుడు ఆ పేరుతో చిన్న నాణెం ఉండేదటమ్మా, మన కాణీలాగా. దాన్నిబట్టి పట్టించుకోనక్కర్లేని సంగతికి ఆ పేరొచ్చింది. మీ దారి గొడవ అలాంటిదని కొట్టేశారు."

"దాంతో అక్కడేమొచ్చేదండీ?"

"ఏదో రొట్టెముక్క వచ్చేదేమో."

"ఆకలైనోడికి అది చిన్నదాండీ?"

ఆయన నిఘంటువు మూసేశారు. పైకి అప్పీలు చేసుకోవచ్చని, దానికి నెలరోజులే గడువని చెప్పి, కాగితం మీద తేదీ చూసి, ఆ గడువు దాటిపోయిందన్నారు. ఆ నెలంతా నేను దానికి అగరొత్తులు వెలిగిస్తూ కూర్చున్నా.

దారి ఇప్పటికీ లేదు. ఇన్నేళ్ళు ఎలా గడిచాయో గడిచాయి గానీ, ఆ నెలరోజులే నాకింకా గడవలేదు.