గంటకి ఎన్ని పెట్టెలు

ఓడరేవులో ఆమెని అందరూ లెక్కలక్క అనేవారు. ఒక్కో క్రేన్ గంటకి ఎన్ని కంటైనర్లు దించిందో రాయడం పంతొమ్మిదేళ్లుగా ఆమె పని. ఇంటి దగ్గర కూడా "కూర మాడిందంటే ఎన్ని నిమిషాలు మాడిందో చెబుతుంది మా ఆవిడ" అని వాళ్లాయన ఏడిపించేవాడు.

ఆ ఏడాది హెడ్డాఫీసు ఆరు రేవుల్ని పోల్చి రిపోర్టు పంపింది. పొరుగు రేవులో క్రేన్ గంటకి ముప్పై పెట్టెలు ఎత్తుతుంటే, వీళ్లది ఇరవై ఒకటి. అందరికంటే ఆఖరు. మేనేజరు మండిపడి, ముగ్గురు డ్రైవర్లని క్రేన్ మీంచి దింపేయాలని జాబితా రాశాడు. అందులో మొదట ఉన్నది అందరికంటే పాత డ్రైవరు, పెద్దాయన. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెని మెట్లెక్కించి క్రేన్ చూపించింది ఆయనే.

తన అంకెలే ఆయన మెడకి చుట్టుకున్నాయని ఆ రాత్రి ఆమె లెక్కల పుస్తకాలన్నీ తిరగేసింది. పొద్దున్నే పొరుగు రేవులో ఇదే పని చేసే ఆవిడకి ఫోన్ చేసింది.

"క్రేన్ ఆగిన టైము కూడా లెక్కేస్తారాండీ మీరు?"

"అబ్బే, అది తీసేస్తాం. పని చేసిన టైమే."

ఇక్కడ ఆగిందీ కలిపే లెక్క! ఆమె వారం రోజులు పెద్దాయన క్యాబిన్లో కూర్చుని చూసింది. కింద లారీ రాక, గంటలో పన్నెండు నిమిషాలు పెట్టె గాల్లోనే వేలాడుతోంది. అవి తీసేస్తే ఇరవై ఆరు.

"అయినా వెనకే కదమ్మా?" అన్నాడు మేనేజరు.

"వెనకేనండీ. కానీ తొమ్మిది కాదు, నాలుగు. ముందు ఆ లారీల సంగతి చూడండి."

గొణుక్కుంటూనే ఆయన జాబితా పక్కన పడేశాడు. లారీలకి వేరే దారి వేయించాడు.

ఆ నాలుగు మాట పెద్దాయన చెవిన పడింది.

"అంటే నేను నిదానమనేగా?"

"అబద్ధం చెప్పలేను పెద్దాయనా."

రెండు రోజులు ఆయన ముఖం చాటేశాడు. మూడో రోజు తనే వచ్చి, "ఎక్కడ ఆలస్యమవుతున్నానో చూసి చెప్పమ్మా" అన్నాడు.

మళ్లీ పక్కన కూర్చుని చూసి, చిన్నాచితకా ఆలస్యాలన్నీ రాసుకుంది. అన్నిటికంటే పెద్దది ఒకటుంది. పెట్టె లారీకి మూరెడు ఎత్తులో ఉండగా, ప్రతిసారీ ఆపి, కిందికి తొంగిచూసి గానీ దించడం లేదు.

"ఒకసారి ఒకడి కాలు నలిగిపోయింది, నా కళ్లముందే," అన్నాడు పెద్దాయన, అటే చూస్తూ.

ఆమె పుస్తకం మూసేసింది.

"మిగతావి సర్దుకుందాం. ఇది మాత్రం ఇలాగే కానివ్వండి," అంది.