అర్ఫా సీటుకు చేలో బేరం

పదో తరగతి పరీక్షలకు ఇంకా రెండు నెలలుండగానే అర్ఫాకి ఇంటర్ సీటు ఇస్తామంటూ మూడు కాలేజీలవాళ్ళు వెంటపడ్డారు. ఇంటికి వస్తే తాళం. జనవరిలో అద్దంకి చుట్టుపక్కల ఊళ్ళలో పగటిపూట ఇళ్ళలో ఎవరుంటారు? అందరూ మిరపకోతల్లోనే. అందుకని ఆ కాలేజీల పీఆర్వోలు ఇన్‌షర్టులతో, మెరిసే బూట్లతో చేలోకే దిగారు.

అక్కడ వాళ్ళకి ఖుర్షిదా తగిలింది.

ఖుర్షిదా అర్ఫా తల్లి, పన్నెండుమంది ఆడకూలీల ముఠాకి మేస్త్రి. ఏ చేను ఎప్పుడు కొయ్యాలో, ఎవరు ఏ సాలు పట్టాలో ఆమే చెబుతుంది. భర్త బుడే తన ఆటోలో ముఠాని పొద్దున చేలో దించి సాయంత్రం ఎక్కించుకొస్తాడు. ఇంట్లో ఆయన కూడా ముఠాలో మనిషే. ఖుర్షిదా చదువు ఐదో తరగతితో ఆగింది. కూతురు మాత్రం హైస్కూల్లో క్లాసు ఫస్టు, బైపీసీ తప్ప ఇంకోటి చదవనంటోంది. ఫీజూ హాస్టలూ రెండూ ఉచితమైతేనే అది జరిగే పని. పరీక్షలకు ముందే సంతకం పెడితేనే ఆ ఉచితమని, ఫలితాలొచ్చాక వస్తే అందరిలాగే కట్టాలని పీఆర్వోలు ముగ్గురూ చెప్పారు.

ఖుర్షిదా కాదనలేదు, అవుననీ అనలేదు. పని ఆపితే రైతు ఊరుకోడు కాబట్టి, చెప్పేదేదో కాయలు కోస్తూ చెప్పమని తలా ఒక సాలు చూపించింది. మొదటతను తమ కాలేజీ ర్యాంకులన్నీ అప్పజెప్పేసరికి అరసాలు పూర్తయింది. కాయతోపాటు కొమ్మలు కూడా విరుస్తున్నాడని ముఠాలో పెద్దదైన ప్రేమమ్మ అతన్ని తిట్టి పంపింది. రెండో అతను చెమట తుడుచుకోబోయి మిరప చేత్తోనే కన్ను నలుపుకున్నాడు. బోరు దగ్గర మొహాన నీళ్ళు కొట్టి, తలా ఒక సలహా ఇచ్చి, ఆటోలో ఊళ్ళోకి చేరవేశారు. అతని కరపత్రాలు మధ్యాహ్నం అన్నం బాక్సుల కిందికి పనికొచ్చాయి.

మూడో ఆయన జయరావు. ప్రైవేటు బడిలో తెలుగు మాస్టారు. ఈ సీజనులో ఒంగోలు కాలేజీ ఒకదానికి పిల్లల్ని చేర్పించే పని కూడా చేస్తాడు. ఆయన బూట్లు గట్టు మీద విడిచి, ప్యాంటు మడిచి, రెండు చేతులా కోసుకుపోయాడు.

"మాస్టారూ, ఇది కొత్త చెయ్యి కాదే," అంది ఖుర్షిదా.

"చిన్నప్పుడు మా అమ్మ వెనకాల కోసినవాణ్ణేనమ్మా."

"అయితే నాకు అబద్ధం చెప్పరు. మీ హాస్టల్లో అన్నం ఎట్టుంటది?"

జయరావు ఇంకో రెండు చెట్లు కోసి ముందుకు జరిగాడు. "తింటున్నారమ్మా," అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆమెకి మనిషి మీద నమ్మకం, హాస్టల్ మీద అనుమానం ఒకేసారి కలిగాయి. చూశాకే సంతకమంది.

రెండో శనివారం చేనుకి మందు కొడుతున్నారు, కోత లేదు. బుడే ఆటోలో అర్ఫాతోపాటు ముఠా నుంచి ఏడుగురు పట్టారు. మిగతావాళ్ళు అలిగారు. హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ తల్లిదండ్రుల్నే రానిస్తానన్నాడు. వీళ్ళంతా పిన్నమ్మలని, ప్రేమమ్మ అమ్మమ్మని ఖుర్షిదా చెప్పింది. వాచ్‌మన్ ప్రేమమ్మ మెడలోని సిలువ వంక చూశాడు. ప్రేమమ్మ అతని వంక చూసింది. గేటు తెరుచుకుంది.

వంటగదిలో ప్రేమమ్మ కారం డబ్బా మూత తీసి, చిటికెడు అరచేతిలో వేసుకుని వెలుగులో చూసింది. తాలుకాయ కారమని తేల్చింది. అంటే రంగు చచ్చి తెల్లబడితే, కల్లంలో ఏరి పక్కన పెట్టే కాయ. తాము ఏరి పారేసింది పిల్లలకు పెడుతున్నారా అని ఏడుగురూ ఒకేసారి అడిగేసరికి వంటమనిషి ప్రిన్సిపాల్ని పిలుచుకొచ్చాడు. ఆయన కారం మార్పిస్తానని ఒప్పుకుని, అందర్నీ త్వరగా తన గదిలోకి తీసుకెళ్ళి, జయరావుని కూడా పిలిపించి, దరఖాస్తు ముందు పెట్టాడు.

అర్ఫా దాన్ని చివరిదాకా పైకి చదివింది. అడుగున సన్న అక్షరాల్లో ఒక లైను ఉంది: పదిలో ఐదువందల యాభై మార్కులు రాకపోతే ఉచితం వర్తించదు. జయరావు సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు.

ఖుర్షిదా పెన్ను కింద పెట్టింది. "సారూ, కాయ చేను మీదుండగానే కొనే వ్యాపారులుంటారు. రేపు ధర పెరుగుద్దని ముందే వస్తారు. కొన్నాక వాన పడితే రైతు మెడ పట్టుకోరు. పరీక్ష రాయకముందే మా పిల్ల కోసం వచ్చింది మీరు."

అది రూలన్నాడు ప్రిన్సిపాల్.

"పోన్లెండి. మిగతా రెండు కాలేజీలవాళ్ళు రోజూ ఫోన్లు చేస్తానే ఉన్నారు."

పచ్చి అబద్ధం. చేలో దిగినరోజు తర్వాత ఆ ఇద్దరూ అటు తొంగి చూడలేదు. అర్ఫా నవ్వు కనపడకుండా తల వంచుకుంది. ప్రిన్సిపాల్ జయరావుని చూశాడు. పన్నెండుమంది ఆడవాళ్ళు ఆమె మాట మీద నడుస్తారని, వాళ్ళ ఇళ్ళలో ఇంకా నలుగురు తొమ్మిదో తరగతి పిల్లలున్నారని జయరావు నెమ్మదిగా చెప్పాడు. ప్రిన్సిపాల్ ఆ లైను కొట్టేసి, పక్కన సంతకం చేసి, స్టాంపు వేశాడు. అప్పుడు ఖుర్షిదా అక్షరం అక్షరం కూడబలుక్కుని తన పేరు రాసింది.

తిరుగు ప్రయాణంలో అర్ఫా ఆటోలో ఆ కాగితంతో విసురుకుంటూ వెనక్కి వాలింది.

"అయితే మార్కులు తగ్గినా పర్లేదన్నమాట."

"ఆ లైను వాళ్ళ కాగితంలో కొట్టించా," అంది ఖుర్షిదా. "మనింట్లో కొట్టించలా."

మేదరమెట్ల రాకముందే అర్ఫా సంచిలోంచి బయాలజీ పుస్తకం తీసింది.