సున్నా గుర్తుల కోసం గోదావరిఖనికి

ఏప్రిల్‌లో ఒక ఆదివారం నేను గోదావరిఖని వెళ్ళింది, ఒక పాత నోటుపుస్తకంలోని గుర్తుకు అర్థం అడగడానికి. యూనివర్సిటీలో ఫిజిక్స్ రీసెర్చ్ చేస్తున్నాను. ప్రోటాను, దాని ప్రతికణమైన యాంటీప్రోటాను ఢీకొంటే రెండూ నశించి, ఆ శక్తిలోంచి మెసాన్లనే చిన్న కణాలు పుడతాయి. వాటిలో అరుదైన స్ట్రేంజ్ మెసాన్లు, అంటే కేయాన్లు, ఎంత తరచుగా పుడతాయో లెక్కకట్టడమే నా థీసిస్. నాకున్న ఆధారం ముప్పై ఏళ్ళ కిందట ఎక్కడో విదేశంలో తీసి మా డిపార్టుమెంటుకు పంపిన ఫిల్ము. ద్రవం నింపిన తొట్టిలో కణం వెళ్ళిన దారి ఫోటోలో బుడగల గీతగా పడుతుంది. విద్యుదావేశం లేని కేయాను మాత్రం గీత మిగల్చదు. కొంత దూరం కనబడకుండా పోయి, విరిగినచోట ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా రెండు గీతలు విడిచిపెడుతుంది.

ఆ ఫిల్ము చాలావరకు బూజుపట్టి పాడైంది. మిగిలినవి కొన్ని ప్రింట్లు, అప్పట్లో ఫిల్ము చూసినవాళ్ళు రాసిన పుస్తకాలు. ఒక గుండ్రటి చేతిరాతలో, ‘వి’ ఉన్న ఫోటోలకు టిక్కు, లేనివాటికి ఇంటూ ఉన్నాయి. కొన్నింటికి మాత్రం చిన్న సున్నా. సున్నాలను కూడా కేయాన్లుగా కలుపుకుంటే నా లెక్క అందరికంటే పైకి పోతుంది, కొత్త సంగతి కనిపెట్టినట్టవుతుంది. వదిలేస్తే అందరికీ వచ్చిన లెక్కే నాకూ. రిటైర్‌మెంట్ హడావిడిలో ఉన్న మా గైడు నీ ఇష్టమన్నారు. ల్యాబులో ఈ పని చేసేది నేనొక్కదాన్నే. మూడేళ్ళుగా మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఒక్కదాన్నే తెరిచి, ఒక్కదాన్నే మూస్తున్నాను.

ఆ రాత అప్పట్లో ఫిల్ము చూసే ఉద్యోగం చేసిన ఓదెలు అనే ఆయనదని పాత అటెండరు చెప్పాడు. తండ్రి బొగ్గుగనిలో ఇక పని చేయలేకపోతే, ఆ ఉద్యోగం అందుకుని గోదావరిఖని వెళ్ళిపోయారట. గని చిరునామాకు కార్డు రాశాను. పదిరోజులకు అదే గుండ్రటి రాతలో జవాబొచ్చింది, క్వార్టరు నంబరుతో సహా.

సికింద్రాబాద్‌లో ఉదయం ఆరు దాటాక రైలెక్కాను. జనరల్ పెట్టెలో టికెట్టు డెబ్బై రూపాయల లోపే. కాజీపేట వరకు నిలబడి, అక్కణ్ణుంచి కిటికీ పక్కన కూర్చున్నాను. పెద్దపల్లి దాటాక కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడితే దిగడానికి సిద్ధం కావాలి. పదకొండుకు రామగుండంలో దిగేసరికి ప్లాట్‌ఫారం కాలుతోంది. స్టేషన్ బయట షేర్ ఆటోలుంటాయి. గోదావరిఖని చౌరస్తాకు మనిషికి పది రూపాయలు, అరగంట ప్రయాణం. ఎవరింటికి చుట్టంగా వచ్చానని డ్రైవరు అడిగాడు. ఎవరికీ చుట్టాన్ని కానన్నాను.

“చుట్టం గాకుంట ఈ ఎండల ఎవలొస్తరు మేడం?” అన్నాడు.

ఓదెలుగారు ఇస్త్రీ చొక్కాతో వాకిట్లోనే నిలబడి ఉన్నారు. యాభై అయిదేళ్ళుంటాయి. గనిలోకి దిగేవాళ్ళకు తలకు పెట్టుకునే దీపాలు ఇచ్చి, తిరిగి తీసుకునే గదిలో డ్యూటీ. ఆయన భార్య రాజవ్వ బగారన్నం, కోడికూర వండిపెట్టింది. తిన్నాక చాపమీద ప్రింట్లు పరిచాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఫోటోకు తగలకుండా వేలిని గీత వెంబడి నడిపారు. ఇది ఎలక్ట్రాన్ల జంట, చుట్టుకుపోతుంది చూడు అన్నారు. ఇది అసలు కేయాను అన్నారు. ముప్పై ఏళ్ళ కిందటి పేర్లు ఒక్కటీ తప్పలేదు.

రాజవ్వ గుమ్మంలో నిలబడి వింటోంది. సినిమా రీళ్ళు చూసే కొలువని కదా నాతో చెప్పావు అని మొగుణ్ణి అడిగింది. “చెప్తే ఎవలకు సమజైతది?” అన్నారాయన, తలెత్తకుండా.

అప్పుడు ఆయన రాసిన పుస్తకం తెరిచి సున్నాల సంగతి అడిగాను. ఆయన ఒక సున్నామీద వేలుంచారు.

“ఒక్కో రీలు ఇద్దరు చూడాలె బిడ్డా, ఒకలది ఒకలకు తెల్వకుంట. నా జతగాడు కొలువు ఇడిచిపెట్టి పోయిండు. మల్ల ఎవల్నీ ఇయ్యలె. ఆ చీకటి రూంల రెండోసారి గూడ నేనే చూసిన. మొదటిసారి కనబడి, రెండోసారి కనబడనియ్యి సున్న వెట్టిన.”

అవి కలిపితే ఏమవుతుంది, వదిలేస్తే ఏమవుతుంది అని ఆయన అడిగితే చెప్పాను. రాజవ్వ నా ముఖం చూసి, “ఇప్పుడు ఎవలకెరుక? నీకు మంచిగైతదంటే ఉంచుకో బిడ్డా” అంది. ఆయన కూడా ఆ మాటే అంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది.

“అవి అబద్ధం గావు,” అన్నారు ఓదెలుగారు. “నాకు కనబడ్డయి. ఒక్కసారే కనబడ్డయి.”

నిర్ణయం నాకే వదిలేశారు.

అయిదింటికి నా తిరుగు రైలు. సగం ప్రింట్లు ఇంకా చూడలేదు. మిగిలినవి చూశాక పోవచ్చు కదా అన్నారు. టికెట్టు తీసుకున్నానన్నాను. చౌరస్తా దాకా వచ్చి, ఆటో కదిలేవరకు ఎండలోనే నిలబడ్డారు.

రైల్లో నా లెక్కలోంచి సున్నాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాను. థీసిస్‌లో అందరికీ వచ్చిన లెక్కే వచ్చింది. పరీక్షకులు ఆ పేజీ దగ్గర ఆగనైనా ఆగలేదు. ఆ ప్రయాణంతో నా ఒంటరితనం తీరిందని చెప్పను. మర్నాడు ల్యాబు తలుపు నేనే తీశాను. కానీ ఈ పని గురించి నేను మూడేళ్ళు మాట్లాడకుండా ఉన్నాను, ఆయన ముప్పై ఏళ్ళు ఉన్నారు. మా ఇద్దరికీ దొరికింది ఒక్క మధ్యాహ్నం. అందులో సగం నేను గడియారం చూసుకుంటూ గడిపాను.

అటువైపు ఎవరినైనా కలవడానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. గోదావరిఖని చౌరస్తా దగ్గర లాడ్జీలున్నాయి, రెండు వందల్లో గది దొరుకుతుంది. తిరుగు టికెట్టు మర్నాటికి తీసుకోండి.