మల్లేశం వీపు

ఇరవై రెండేళ్లలో మల్లేశం వీపు చూసినవాళ్లు చిల్కానగర్‌లో ఒక్కరూ లేరు. అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం మల్లేశం చటుక్కున తిరిగి, వీపు చూపించి నడిచిపోతుంటే కనకరాజు చేతిలోని చాయ్ లుంగీ మీద ఒలికింది. కాలింది కూడా. ఆ సంగతి ఆయనకు సాయంత్రం దాకా తెలియలేదు.

మల్లేశం మనిషి కాదు, వీడియో గేములో బొమ్మ. అసలు పేరు జపాను అక్షరాల్లో ఉంది కాబట్టి ఎవరికీ తెలియదు. ముక్కు త్రికోణం, తల పలకలు పలకలు, మోచేతులు గొడ్డలితో చెక్కినట్టుంటాయి. పిల్లలే 'మూలల మల్లేశం' అని పేరు పెట్టారు.

కనకరాజు ఒకప్పుడు నాచారంలో నూలు మిల్లులో ఫిట్టరు. మిల్లు మూతపడ్డాక పాత టీవీలు, పాత గేమ్ మిషన్లు కొని గల్లీలో దుకాణం తెరిచాడు. మిగతా మిషన్లలో ఆటలు మారుతుండేవి. ఒకదానిలో మాత్రం ఎప్పుడూ మల్లేశం సీడీయే. దాని లెన్సు అరిగిపోయింది. మిషన్‌ను తిన్నగా పెడితే సీడీ చదవదు, బోర్లా పెడితే చదువుతుంది. కాబట్టి ఆ మిషన్ బతుకంతా బోర్లా పడుకునే గడిచింది.

ఆట చిత్రమైనది. కొండలు, ఇళ్లు, చెట్లు అన్నీ ముక్కోణాలు అతికించి చేసినవే అయినా చెయ్యి పెడితే లోపలికి పోతుందేమో అన్నంత లోతుగా కనబడతాయి. నడక మాత్రం ఎడమ నుంచి కుడికే. అలా పోగా పోగా ఒక విరిగిన వంతెన వస్తుంది. ఎంత ఎగిరినా అవతలి ఒడ్డు మూరెడు దూరంలో ఉండిపోతుంది. అక్కడ పడి చచ్చిన మల్లేశాలను నిలబెడితే ఉప్పల్ స్టేడియం నిండి, మిగిలినవాళ్లు రామంతాపూర్ దాకా లైను కట్టాలి.

"ఆట జేసినాయన వంతెన సగం కట్టినంక పాణం ఇడ్సిండు బిడ్డా. ఇగ దాటేటోడు ఇంక పుట్టలే," అని కనకరాజు చెప్పేవాడు. చెప్పి చెప్పి తానే నమ్మేశాడు. నమ్మి గోడ మీద ఎర్ర రంగుతో రాయించాడు: 'వంతెన దాటినవారికి ఈ మిషన్ ఇనాం.' ఆ రాతతో ఆయన పేరు బ్రిడ్జి కనకరాజు అయింది.

ఇప్పుడు ఆ దుకాణంలో ఫోన్లకు అద్దాలు వేస్తాడు. ఒక పక్క భార్య ఉమ చీరలకు ఫాల్స్ కుడుతుంది. మిగతా గేమ్ మిషన్లన్నీ పోయాయి గానీ ఈ ఒక్కటీ బట్ట కప్పుకుని అలమరలో ఉంది. ఆదివారం తీస్తాడు. మీసాలు నెరిసిన పాత పిల్లలు వచ్చి, నాలుగుసార్లు పడి, నవ్వుకుని పోతారు. ఆ నవ్వుల కోసమే ఆయన వారమంతా ఎదురుచూస్తాడు.

ఆ రోజు జీవన్ వచ్చాడు. పదిహేడేళ్లప్పుడు ఈ వంతెన కోసం ఇంటర్ లెక్కల పరీక్ష ఎగ్గొట్టిన ఘనుడు. ఇప్పుడు మెట్రో డిపోలో టెక్నీషియన్. సంచిలోంచి కొత్త రిమోట్ తీశాడు.

"మామా, నీ రిమోట్‌లు ఇటుకల లెక్కున్నయ్. నాది నేను తెచ్చుకున్న. ఫికరు లేదు గదా?"

"నీది పెడితేంది, నీ తాత బంగారంది పెడితేంది? పడేటోడు మల్లేశమే గదా!"

జీవన్ పడ్డాడు. మళ్లీ పడ్డాడు. మూడోసారి వంతెన మొదట్లో ఆగి, బొటనవేలితో విసుగ్గా రిమోట్‌లో పైకి చూపే బాణం నొక్కాడు.

మల్లేశం తిరిగాడు. వీపు మీద, పక్క నుంచి కనబడనంత చిన్న మూట ఉంది! ఇన్నేళ్లూ మోస్తూనే ఉన్నాడు కాబోలు. బొమ్మ అనుకున్న కొండలోకి, బొమ్మ అనుకున్న బాటలోకి నడిచాడు. నడిచేకొద్దీ చిన్నవాడవుతున్నాడు. కొండ పక్కకు తిరిగింది, వంతెన వెనకవైపు కనబడింది, మల్లేశం అవతలి ఒడ్డున తేలాడు.

ఉమ కుట్టు మిషన్ ఆగిపోయింది.

"మామా... వీడు లోపలికి వొయ్యిండేంది?" అన్నాడు జీవన్, దయ్యాన్ని చూసినట్టు.

"నీ రిమోట్‌ల ఏదో మతలబుంది," అన్నాడు కనకరాజు.

జీవన్ పాత రిమోట్ తగిలించి, ఆట మళ్లీ ఆడి, వంతెన దగ్గర పై బాణం నొక్కాడు. మల్లేశం కదల్లేదు. రెండో పాత రిమోట్‌తోనూ అంతే.

"అవును మామా, నా రిమోట్‌లనే ఏదో ఉంది. ఇది లెక్కల రాదు. మిషన్ నీదే," అన్నాడు జీవన్.

తప్పించుకునే దారి దొరికింది. కనకరాజు తల ఊపబోయాడు కూడా. అంతలో గుర్తొచ్చింది. మిల్లులో ఆయన నేర్చుకున్న మొదటి విద్య, ఆగిన యంత్రంలోంచి భాగం పీకి నడిచే యంత్రానికి వేయడం. పిల్లలు దూకి దూకి, దూకే గుండీ కింది రబ్బరు అరిగిపోయినప్పుడు...

ఉమ ఆయన్నే చూస్తోంది.

కనకరాజు స్క్రూడ్రైవర్ తీసి, పాత రిమోట్ విప్పి, జీవన్ ముందు పెట్టాడు. బాణాల కింద నాలుగు రబ్బర్లు ఉండాలి. మూడే ఉన్నాయి. పై బాణం కింద ఖాళీ.

"పక్కకు వొయ్యే ఆటకు పైకి నొక్కుడెందుకని నేనే పీకి దూకే గుండీకి ఏసిన. రెండిట్లయీ పీకిన. దుకాణం తెరిసిన మొదటి ఏడే."

జీవన్ నోరు తెరిచాడు. "నేను పరీక్ష ఎగ్గొట్టి ఆడిన నాడు గూడ...?"

"గప్పుడు గూడ లేదు."

"వంతెన నువ్వే ఇరగ్గొట్టినవన్నట్టు! ఊరోళ్లంత తమ వేళ్లను తిట్టుకున్నరు గదయ్యా!" అంది ఉమ, దారం తెగినట్టు.

జీవన్ ఆ ఖాళీలో వేలు పెట్టి చూశాడు, నమ్మకం కుదరక మళ్లీ చూశాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. కనకరాజుకు నవ్వు రాలేదు. గోడ మీద ఎర్ర అక్షరాలు చూశాడు.

"మిషన్ నీదే. మాటంటే మాట. పట్కపొయ్యే ముందుగాల ఒక్కసారి ఆ రిమోట్ నాకియ్యి."

మల్లేశాన్ని వంతెన దాకా నడిపించాడు. పై బాణం నొక్కాడు. మల్లేశం తిరిగాడు, మూటతో సహా. కనకరాజు ఆ వీపునే చూస్తూ, చుక్కంత అయ్యేదాకా వేలు తీయలేదు.

తర్వాత వైర్లు చుట్టి, మిషన్‌ను బట్టలో కట్టి, జీవన్ చేతుల్లో బోర్లా పెట్టాడు.

"గిట్లనే పట్కపో. తిప్పితే సదువదు."